కార్తీక వానలకు ముందే మీ వీధి కాలువ బాగుచేయించుకోవడం ఎలా?

నెల్లూరులో వాన లెక్క వేరు. చాలా జిల్లాల్లో సెప్టెంబరు దాటితే గొడుగు అటక మీదికి పోతుంది. మనకు అసలు కాలం అప్పుడే మొదలవుతుంది. ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. అది కూడా రోజూ కొంచెం కొంచెంగా పడదు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజుల్లో కుమ్మరించి పోతుంది. 2015 నవంబరు, 2021 నవంబరు చూసినవాళ్ళకు ఈ మాట చెప్పక్కర్లేదు. 2021లో పెన్న పొంగి భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం వైపు ఇళ్ళు నీళ్ళలో ఉన్నాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది.

నదికి వచ్చే వరదను మనం ఆపలేం. కానీ పెన్నలో చుక్క నీరు పెరగకపోయినా ఏటా మోకాలిలోతు నీళ్ళు నిలిచే వీధులు ఊరంతా ఉన్నాయి. ఆ నీళ్ళు నిలవడానికి కారణం చాలాసార్లు ఏదో ఒకే చోట ఉంటుంది. ఆ చోటు ఎక్కడో పట్టుకుంటే సగం పని అయినట్టే. ఇది మా వీధిలో మేం నేర్చుకున్న పాఠం. ఆలస్యంగా నేర్చుకున్నాం.

మాది వేదాయపాలెం వైపు 40 ఇళ్ళ వీధి. మొదటిసారి పెట్టిన అర్జీలో ఒకే ఒక్క వాక్యం రాశాం: "మా వీధిలో డ్రైనేజీ సమస్య తీవ్రంగా ఉంది, దయచేసి పరిష్కరించగలరు." వారం తర్వాత సమస్య పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఎవరో వచ్చి వీధి మొదట్లో పదడుగుల మేర పూడిక తీసి, ఫొటో పట్టుకుని వెళ్ళారట. ఆ నవంబరులో ఒక రాత్రి రెండు గంటలకు వీధి చివర టీచరమ్మ ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. మంచం కింద ట్రంకు పెట్టెలో వాళ్ళమ్మ పెళ్ళినాటి పట్టుచీర తడిసి, అంచు ఎరుపంతా చీరలోకి దిగిపోయింది. తెల్లారి నలుగురం కాలువ వెంబడి వెతుక్కుంటూ పోతే, మూడిళ్ళ అవతల, ఇంటి ముందు కాలువ మీద కట్టిన ఒక ర్యాంపు కింద ఖాళీ సిమెంటు గోతాం ఇరుక్కుని ఉంది. దానికి అడ్డం పడి కొబ్బరి డొక్కలు, పాల ప్యాకెట్లు, ఒక పిల్లవాడి చెప్పు. కర్రతో గోతాం లాగేస్తే గంటన్నరలో వీధంతా నీళ్ళు దిగిపోయాయి. మేం రాసిన అర్జీలో ఆ ర్యాంపు మాటే లేదు. వచ్చినవాళ్ళకు ఎక్కడ చూడాలో మేం చెప్పనే లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

వినాయకుడిని నిమజ్జనం చేసిన వారమే మొదలుపెట్టండి. దసరాకల్లా పూడిక తీత పూర్తి కావాలి. ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబరు మూడో వారంలో వస్తాయి. వానలు మొదలయ్యాక మున్సిపాలిటీ మనుషులు, మోటార్లు అన్నీ అండర్‌బ్రిడ్జిలకూ పెద్ద రోడ్లకూ వెళ్ళిపోతాయి. అప్పుడు మన చిన్న వీధిని ఎవరూ పట్టించుకోలేరు. వాళ్ళని తప్పుపట్టడానికీ లేదు.

నీళ్ళతో పాటు నడవండి

మొదటి పని ఇదే. దీన్ని వదిలేసి నేరుగా అర్జీ రాయకండి.

సెప్టెంబరులో ఏదో ఒక రోజు వాన పడుతుంది. పడ్డప్పుడు గొడుగు వేసుకుని మీ వీధి మొదటి నుంచి చివరి దాకా కాలువ పక్కనే నడవండి. ఎండు వేపాకులు కొన్ని కాలువలో వేసి వాటి వెంటే పోండి. ఆకు ఎక్కడ వేగంగా పోతుంది, ఎక్కడ నిదానిస్తుంది, ఎక్కడ సుడి తిరిగి ఆగుతుంది, ఎక్కడ వెనక్కి వస్తుంది, అన్నీ కనిపిస్తాయి. వాన పడకపోతే వీధి మొదట్లో నాలుగు బక్కెట్ల నీళ్ళు పోసి చూడండి. నీళ్ళు రెండో ర్యాంపు దాకా కూడా రాలేదంటే అడ్డం ఆలోపే ఉంది.

కొన్ని చోట్ల చెత్త ఏమీ ఉండదు, అయినా నీళ్ళు కదలవు. అక్కడ వాలు తప్పింది. దీన్ని కంటితో చెప్పలేం. ఇల్లు కట్టే మేస్త్రీలు లెవెల్ చూసే సన్నటి పారదర్శక పైపు ఉంటుంది కదా, మీ వీధిలో ఏ మేస్త్రీనో అడిగి తెచ్చుకోండి. పైపులో గాలి బుడగలు లేకుండా నీళ్ళు నింపి, ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర పట్టుకోవాలి. పైపు రెండు చివర్లలోనూ నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఆ నీటిమట్టం నుంచి కాలువ అడుగు ఎంత కిందుందో రెండు చోట్లా టేపుతో కొలవండి. నీళ్ళు పోవాల్సిన వైపు కొలత పెరగాలి. తగ్గిందంటే ఎంత పూడిక తీసినా ఉపయోగం లేదు, ఆ ముక్క కాలువను తిరగకట్టాల్సిందే. మా వీధిలో కొత్త సిమెంటు రోడ్డు వేసినప్పుడు ఒక మలుపు దగ్గర కాలువ అడుగు రెండంగుళాలు పైకి లేచింది. ఈ పైపుతో కొలిచేదాకా మాకెవరికీ ఆ సంగతి తెలియదు.

కాలువకు ఎంత పని ఉందో కూడా ఒక లెక్క వేసుకోండి. 1,000 చదరపు అడుగుల డాబా మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 9,300 లీటర్ల నీళ్ళు దిగుతాయి. అలాంటివి 40 ఇళ్ళుంటే 3 లక్షల 70 వేల లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 74 తెచ్చి వీధిలో ఒంపినట్టు. రోడ్డు మీద పడే వాన దీనికి అదనం. అడుగున్నర వెడల్పు కాలువలో సగం పూడికే ఉంటే ఇన్ని నీళ్ళు ఎటు పోవాలో మీరే ఆలోచించండి. ఈ లెక్క అర్జీలో రాయక్కర్లేదు గానీ, మీటింగులో ఇరుగుపొరుగుకు చెబితే మాత్రం అందరూ నిటారుగా కూర్చుంటారు.

ఆ కాలువ ఎవరిదో తెలుసుకోండి

వేపాకు వెంట నడుస్తూ మీ వీధి దాటి ఎక్కడిదాకా పోగలిగితే అక్కడిదాకా పోండి. ఇంటి ముందరి సైడు కాలువ కార్పొరేషన్‌ది. అది పోయి కలిసే పెద్ద కాలువ ఇంకో శాఖది కావచ్చు. సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ లాంటివి అసలు పొలాలకు నీళ్ళిచ్చే కాలువలు. వాటి బాధ్యత జలవనరుల శాఖది. పెద్ద రోడ్డు పక్కన ఉంటే రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) వాళ్ళదో, హైవే వాళ్ళదో అవుతుంది. రైలు కట్ట కింద తూము అయితే రైల్వేది. తప్పు ఆఫీసుకు ఇచ్చిన అర్జీ "మా పరిధిలోది కాదు" అన్న ఒక్క ముక్కతో మూతపడుతుంది, ఆ లోపు నెల గడిచిపోతుంది.

తర్వాత ఒక తెల్ల కాగితం మీద వీధి బొమ్మ గీయండి. అందంగా ఉండక్కర్లేదు. ఇళ్ళ నంబర్లు, ర్యాంపులు, కల్వర్టు, నీళ్ళు నిలిచే చోటు, పారే దిక్కుకు బాణం గుర్తు, ఇవి ఉంటే చాలు. మా బొమ్మ ఎనిమిదో తరగతి పిల్ల గీసింది. ఇప్పటికీ అదే కాగితం జిరాక్సులు తీసి వాడుతున్నాం.

మనుషులను కూడగట్టడం

వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడితే 30 బొటనవేళ్ళు వస్తాయి, మనుషులు రారు. ఇంటింటికీ వెళ్ళి పిలవండి. ఆదివారం పొద్దున ఏడింటికి, ఎవరో ఒకరి అరుగు మీద, అరగంటలో అయిపోతుందని చెప్పి పిలవండి. అద్దెకున్నవాళ్ళను తప్పకుండా పిలవండి. కింది అంతస్తులో ఉండేది, ముందు మునిగేది ఎక్కువగా వాళ్ళే. ఇంటి ఓనరు పై అంతస్తులో ఉండి "మనకేం కాదులే" అనుకోవచ్చు. ఏ మూల ఎప్పుడు నీళ్ళు వస్తాయో గుమ్మం ముందు ముగ్గు వేసే ఆడవాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ముందు వాళ్ళ మాట వినండి.

ఇక ర్యాంపుల సంగతి. అన్నిటికంటే కష్టమైన పని ఇదే. కారు ఎక్కడానికి కాలువ మీద సిమెంటు పోసి, కింద చెయ్యి దూరే సందు కూడా లేకుండా కట్టేసిన ఇళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటాయి. పారతో పూడిక తీసేవాళ్ళు ర్యాంపు దాకా వచ్చి ఆగి, ర్యాంపు దాటి మళ్ళీ మొదలుపెడతారు. మధ్యలో ఆరడుగులు అట్లాగే ఉండిపోతుంది. వీధంతా ఆగేది ఆ ఆరడుగుల దగ్గరే.

ఆ ఇంటికి ఎవరు వెళ్ళాలన్నది ముందు ఆలోచించండి. వాళ్ళతో పాత గొడవ ఉన్నవాళ్ళు వద్దు. గుంపుగా వద్దు. వాళ్ళు "బాబాయ్" అనో "అక్కా" అనో పిలుచుకునే మనిషి ఒకరు, కాలువ గురించి చెప్పగలిగినవాళ్ళు ఒకరు, సాయంత్రం పూట వెళ్ళండి. వాళ్ళ ర్యాంపు ఫొటో గ్రూపులో పెట్టి, ఆ తర్వాత మాట్లాడటానికి పోకండి. ఒకసారి పరువు పోయిందనుకున్నవాళ్ళు ఇక వినరు.

మా వీధిలో ఆ ఇంటాయన మొదట "నా ఇంటి ముందర నేను కట్టుకున్నా, మీకేందయ్యా?" అన్నాడు. మాతో వచ్చిన పెద్దాయన కోపం తెచ్చుకోలేదు. "నిన్ను పగలగొట్టమనడానికి రాలేదు నాయనా. మధ్యలో రెండడుగులు పలక పెట్టుకుందాం. కావాలన్నప్పుడు లేపుతాం, మళ్ళీ మూసేస్తాం. నీ కారుకు ఏం ఇబ్బంది ఉండదు" అన్నాడు. ఆయన ఆ రోజు సరే అనలేదు. నాలుగు రోజుల తర్వాత తానే మేస్త్రీని పిలిపించాడు. మీరూ ఇదే అడగండి. ర్యాంపు మొత్తం తీసేయమంటే ఎవరూ ఒప్పుకోరు. మధ్యలో కొక్కేలున్న పలక గానీ, ఇనుప జాలీ గానీ పెట్టమంటే చాలామంది ఒప్పుకుంటారు. మేస్త్రీ కూలి నలుగురూ తలా కొంత వేసుకోవడానికి వెనకాడకండి.

అర్జీ ఎలా రాయాలి

ఒక్క అర్జీలో ఒక్క సమస్యే రాయండి. దోమలు, కుక్కలు, వీధి దీపాలు, కాలువ అన్నీ ఒకే కాగితంలో పెడితే దీపం వేసి అర్జీ మూసేస్తారు. ఇలా రాయొచ్చు:

"గౌరవనీయులైన కమిషనర్ గారికి, ఫలానా డివిజన్, ఫలానా వీధి నివాసులు సమర్పించుకుంటున్న అర్జీ. మా వీధిలో ఎడమ వైపు సైడు కాలువ ఫలానా ఇంటి నంబరు నుంచి కల్వర్టు వరకు సుమారు 140 అడుగులు పూడిపోయింది. ఫలానా నంబరు ఇంటి ముందు పూడిక 9 అంగుళాలు ఉంది. కల్వర్టు కింద తూములో సగానికి పైగా మట్టి ఉంది. దీనివల్ల వాన పడితే ఫలానా నంబర్ల ఇళ్ళలోకి నీరు వస్తోంది. దసరాలోపు ఈ 140 అడుగులూ, కల్వర్టు తూమూ పూడిక తీయించి, తీసిన పూడికను అక్కడి నుంచి తరలించవలసిందిగా కోరుతున్నాం. ఫొటోలు, వీధి పటం జతచేశాం."

పూడిక లోతు ఎలా తెలుస్తుందంటారా? ఇనుప కడ్డీ ఒకటి కాలువలో గుచ్చితే మట్టి దాటి సిమెంటు అడుగుకు టక్కున తగులుతుంది. తడి మట్టి అంటిన మేర కొలవండి. ఆ కొలత రాసిన అర్జీని పదడుగులు గీకి మూసేయడం కుదరదు. చివరి వాక్యంలో "తరలించవలసిందిగా" అన్న మాట మరిచిపోకండి. ఎందుకో కింద చెబుతాను.

సంతకాలతో పాటు ఇంటి నంబర్లు కూడా రాయించండి. ముందు మీ వార్డు సచివాలయానికి వెళ్ళండి. అక్కడ పారిశుధ్యం చూసే సెక్రటరీ ఒకరు, కాలువలు, రోడ్ల లాంటి పనులు చూసే ఎమినిటీస్ సెక్రటరీ ఒకరు ఉంటారు. పూడిక అయితే మొదటివారు, కాలువ తిరగకట్టాల్సి వస్తే రెండోవారు. వాళ్ళను ఒకసారి మీ వీధికి తీసుకొచ్చి, కడ్డీ గుచ్చి చూపించండి. కాగితం కంటే అది ఎక్కువ పని చేస్తుంది. అర్జీ ఇచ్చినప్పుడు నంబరున్న రసీదు తీసుకోకుండా బయటికి రాకండి. రెండో కాపీ కార్పొరేటర్‌కు ఇవ్వండి.

రెండు వారాల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్ళండి. పాత రసీదు నంబరు అందులో రాయండి. అప్పటికీ పని కాకుండానే "పరిష్కారమైంది" అని వస్తే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. కార్పొరేషన్ పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో ఇలాంటి ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటించొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎందుకు చేయలేదని అడగకండి, దానికి జవాబు రాదు. ఈ కాలువకు చివరిసారి పూడిక తీసిన తేదీ, ఎన్ని మీటర్లు తీశారు, ఎంత బిల్లు అయింది, చేసిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్కులో ఆ పేజీ నకలు, ఇవి అడగండి.

పూడిక తీసే రోజు

ఆ రోజు వీధి నుంచి ఇద్దరైనా అక్కడే ఉండండి. బండ్లు ముందు రాత్రే పక్కకు తీయించండి. పలకలు లేపడానికి గునపం సిద్ధంగా పెట్టండి. పనిచేసేవాళ్ళకు మజ్జిగో టీయో ఇవ్వండి, చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్ళు పెట్టండి. ఏ ఇంటి ముందు ఎంత లోతు ఉందో వాళ్ళకు చూపించండి.

తీసిన పూడికను గట్టున పోస్తారు. తడిగా ఉన్నప్పుడు ఎత్తితే బండి నిండా నీళ్ళు కారతాయి కాబట్టి ఒకటి రెండు రోజులు ఆరనిస్తారు. అది సహజమే. కానీ ఆ ఆరబెట్టడం వారం దాటితే, బండ్ల చక్రాలు, కోళ్ళు, ఒక చిన్న జల్లు కలిసి మొత్తం మళ్ళీ కాలువలోకి తోస్తాయి. చేసిన పనంతా మట్టిపాలే. రెండు రోజులు చూసి, మూడో రోజు పొద్దున్నే శానిటరీ మేస్త్రీకి ఫోన్ చేయండి. బండి వచ్చి ఎత్తేదాకా రోజూ చేయండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మ్యాన్‌హోల్‌లోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ ఏ మనిషినీ దించకండి, ఎవరైనా డబ్బిచ్చి దించుతుంటే ఆపండి. పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 నాటి చట్టం ప్రకారం, రక్షణ సామగ్రి లేకుండా ఇలా దించడం నేరం. లోపల విషవాయువు ఉంటే మొదటి మనిషి ఒక్క నిమిషంలో పడిపోతాడు, కాపాడటానికి దిగిన రెండోవాడూ పోతాడు. మ్యాన్‌హోల్ పూడితే యంత్రం కావాలని అర్జీ పెట్టండి, అది వచ్చేదాకా ఓపిక పట్టండి.

ఇంటి లోపల చేసుకోవాల్సినవి

డాబా మీద నీళ్ళు దిగే గొట్టం నోటికి జాలీ పెట్టండి. కింద సంపు మూత రోడ్డు మట్టం కంటే ఎత్తులో లేకపోతే చుట్టూ రెండు వరసల ఇటుక కట్టించండి. మురుగు నీళ్ళు సంపులోకి దిగితే వారం రోజుల తాగునీరు పోయినట్టే. కుళాయి పైపు కాలువ మధ్యలోంచి వస్తుంటే జాయింటు దగ్గర ఊటలు ఉన్నాయేమో చూడండి. వానల్లో కుళాయి నీళ్ళు రంగు మారితే కాచే తాగండి.

డెంగీ దోమ ఎక్కువగా పుట్టేది మురుగు కాలువలో కాదు, ఇంట్లో నిలిచిన మంచినీళ్ళలో. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒకసారి, శుక్రవారం అనుకుంటే శుక్రవారం, కూలర్లు, పూలకుండీల కింద ప్లేట్లు, డాబా మీద పాత టైర్లు, ఫ్రిజ్ వెనక ట్రే అన్నీ ఒంపేయండి. డ్రమ్ము ఒంపేస్తే సరిపోదు, లోపలి గోడ కొబ్బరిపీచుతో రుద్దాలి. గుడ్లు అక్కడే అంటుకుని ఉంటాయి.

వాయుగుండం వచ్చిన రోజు

వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిన సాయంత్రం వీధిలో ఒక చుట్టు తిరగండి. ర్యాంపు జాలీల మీద ఆకులు, కవర్లు తీసేయండి. డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళు, నెలలు నిండినవాళ్ళు, ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో ముందే ఒక చీటీలో రాసుకుని, కింది అంతస్తులో ఉన్నవాళ్ళను ఆ రాత్రికే పైకి మార్చండి. అర్ధరాత్రి నీళ్ళలో మంచం మోయడం ఎంత కష్టమో మాకు తెలుసు.

నీళ్ళు త్వరగా పోవాలని మ్యాన్‌హోల్ మూత తీయకండి. నీళ్ళ కింద తెరిచిన గుంత ఎవరికీ కనబడదు. ఎక్కడైనా మూత లేకపోతే కొమ్మ పాతి ఎర్రగుడ్డ కట్టండి. కరెంటు స్తంభం పక్కన నీళ్ళలో కాలు పెట్టకండి, తీగ తెగితే 1912కు ఫోన్ చేసి, సరఫరా ఆపామని వాళ్ళు చెప్పేదాకా పిల్లల్ని ఇంట్లోనే ఉంచండి. మీటరు బోర్డు దాకా నీళ్ళు వస్తాయనిపిస్తే చేతులు, కాళ్ళు పొడిగా ఉన్నప్పుడే మెయిన్ ఆపేయండి.

నీళ్ళు దిగిపోయాక, గోడ కడగకముందే, నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేయండి. నేల నుంచి గీత దాకా టేపు పెట్టి ఫొటో తీయండి. టీచరమ్మ ఇంటి దగ్గర మూడు గీతలున్నాయి. మొదటిది 14 అంగుళాల దగ్గర, రెండోది 5 అంగుళాల దగ్గర. మూడోది బయట మెట్టు మీదే ఉంది, గడప దాటలేదు. వచ్చే సెప్టెంబరు అర్జీకి జతచేయడానికి ఆ మూడు ఫొటోలూ ఆమె ఒక కవరులో పెట్టి ఉంచింది.